చూడక చెప్పిన తీర్పు

న్యాయస్థానమును వెక్కిరించు చిత్రమును బిడ్డల కేల చూపితివని ఒక మిత్రుడు నన్ను నిలదీసెను. ఆ చిత్రము 1927 నాటి అమెరికా మూగచిత్రము ‘షికాగో’. ప్రియుని కాల్చిచంపిన రాక్సీ హార్ట్ అను గృహిణి బోనెక్కును. ఎప్పుడేడ్వవలెనో వకీలు ముందే పాఠము చెప్పును. పత్రికలవా రామెకు హారతిపట్టుదురు. జూరీవారు నేరమును మఱచి సొగసును విచారించి విడిచిపెట్టుదురు.

ఇది వట్టి కల్పనయా? 1924లో షికాగోలో ఇట్టి రెండు హత్యాభియోగములను గూర్చి పత్రికకు వ్రాసిన మారీన్ వాట్కిన్స్ అను విలేఖరియే 1926లో దీనిని నాటకముగా రచించినది. నిజమైన ముద్దాయి లిరువురును నిర్దోషులనియే తీర్పు! “జూరీలో ఒక్క స్త్రీయైన లేదేమి నాన్నగారూ?” అని నా కుమార్తె యడిగినది. ఆ ఇల్లినాయి రాష్ట్రమున 1939 వఱకు స్త్రీలకు జూరీలో చోటే లేదు. ఇట్టి ప్రశ్న పుట్టించిన చిత్రము బిడ్డలను చెఱచునా?

పాతబొమ్మను బాగుచేయుట దండుగ యనియు మిత్రుని వాదము. సెసిల్ డెమిల్ తన సొంత భాండారమున దాచిన ప్రతి మిగిలినది గనుకనే, యూసీఎల్‌ఏ వారు దానిని పునరుద్ధరించి 2006లో ప్రదర్శింపగలిగిరి; 2010లో డీవీడీయై ఇండ్లకు వచ్చినది. లేనిచో మనకు 2002 నాటి పాటల ‘షికాగో’యే గతి. అందు రాక్సీ రంగస్థలమెక్కి చప్పట్లు కొట్టించుకొనును. పాతదానిలో భర్త ఆమెను వీధిలోనికి గెంటును. ఆ చేదు పోగొట్టుకొనదగినదా?

అన్నట్లు, మిత్రుడు ఆ చిత్రమును చూడనే లేదట. డీవీడీ మా యింటనే యున్నది; ఏ ఆదివారము వచ్చినను సరే.