పేరు పడని వాయిద్యానికి వాటా ఎక్కడ?

2012లో కాపీరైటు చట్టాన్ని సవరించినప్పుడు, ప్రదర్శకుడు అంటే ఎవరో చెప్పే నిర్వచనానికి ఒక మినహాయింపు తగిలించారు. సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో, నామమాత్రమో, పైగా పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం ఎవరి పేరు టైటిల్స్‌లో గానీ మరెక్కడా గానీ వేయరో, ఆ మనిషిని ప్రదర్శకుడిగా లెక్కించనక్కర్లేదని దాని సారాంశం. గుంపు సీన్లలో నిలబడే జూనియర్ ఆర్టిస్టుల కోసం రాసినట్టే కనిపిస్తుంది. కానీ పల్లవికీ చరణానికీ మధ్య వయొలిన్, వేణువు, తబలా వాయించినవాళ్లకు ఇది చుట్టుకోదన్న భరోసా అందులో ఎక్కడా లేదు. తమ వాయిద్యం నామమాత్రం కాదని కోర్టులో వాదించి గెలవొచ్చు. రెండో షరతు మాత్రం వాళ్లకోసమే కుట్టించినట్టుంది. పేరు వేయకపోవడమే కదా ఇక్కడి ఆనవాయితీ! పైగా తన పేరు చెప్పాలని అడిగే హక్కు కూడా ఈ మినహాయింపు కిందికి వచ్చినవాళ్లకు ఉండదు. తమ ప్రదర్శనను వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పుకోవచ్చు, అంతే. పేరు వేయలేదు కాబట్టి హక్కు లేదు, హక్కు లేదు కాబట్టి పేరు అడగలేరు.

వాద్యకారుల పేర్ల సంగతి ఎత్తితే మనవాళ్లు దాన్ని గౌరవానికి ముడిపెడతారు. ఓ సభ పెట్టి, శాలువా కప్పి, ఫొటో దిగి పంపిస్తారు. ఇక్కడ అడుగుతున్నది డబ్బు సంగతి.

కంప్యూటర్లు రాకముందు మద్రాసులో పాట రికార్డింగంటే పొద్దున్నే పదుల మంది వాద్యకారులు కాల్‌షీటుకు రావాలి. నొటేషన్ అప్పటికప్పుడు రాసుకోవాలి, రిహార్సల్ చూసుకోవాలి, గాయకులతో కలిసి మొత్తం పాట ఒకే టేకులో వాయించాలి. చివరి చరణంలో ఒక్కరు తడబడితే అందరూ మళ్లీ మొదటికి. చేతికొచ్చేది ఆ కాల్ డబ్బు. సినిమా వంద రోజులు ఆడినా, ఆ పాట యాభై ఏళ్లు రేడియోలో మోగినా అంతే. మద్రాసు సినీ వాద్యకారులకు సంఘం కట్టిన ఎం.బి. శ్రీనివాసన్ చిత్తూరులో పుట్టినవాడే. సంఘం వచ్చాక కనీసం కూర్చుని రేటు మాట్లాడుకునే వీలు దొరికింది. రాయల్టీ ఆ మాటల్లోకి రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఆ వరుసలోంచి వచ్చినవాళ్లు తక్కువవాళ్లేం కాదు. ఇళయరాజా సలీల్ చౌధురికి గిటార్ వాయించారు, జి.కె. వెంకటేశ్ దగ్గర సహాయకుడిగా చేశారు. రహమాన్ ఇంకా దిలీప్‌గా ఉన్న రోజుల్లో ఇళయరాజాకూ, మన రాజ్-కోటికీ కీబోర్డు వాయించారు. మణిశర్మ తండ్రి వయొలిన్ విద్వాంసుడు. మణిశర్మా కీబోర్డు వాయిస్తూ పైకొచ్చినవారే. వీళ్ల తొలినాళ్ల కథ మనకు తెలిసింది తర్వాత సంగీత దర్శకులయ్యారు కాబట్టి. బేస్ గిటార్ శశిధరన్, కీబోర్డు విజి మాన్యుయెల్, వేణువు నెపోలియన్... ఇళయరాజా పాటల్లో వీళ్ల పనితనం కోట్లమంది చెవుల్లో ఉంది. పేర్లు మాత్రం చాలామందికి అభిమానులు తవ్వి తీశాకే తెలిశాయి.

వాళ్లు వాయించింది సంగీత దర్శకుడు రాసిచ్చిందే కదా అని ఒక వాదన ఉంది. ఇళయరాజా పద్ధతి తెలిసినవాళ్లు దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేరు; ప్రతి వాద్యానికీ స్వరాలు ఆయనే కాగితం మీద పెడతారు. అమెరికాలోని డెట్రాయిట్ సంగతి వేరు. అక్కడ మోటౌన్ కంపెనీ స్టూడియోలో ‘ఫంక్ బ్రదర్స్’ బృందం 1960ల హిట్లలో చాలావాటికి వెన్నెముకగా నిలిచింది. బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ ముందు చాలాసార్లు కార్డ్స్ రాసిన కాగితం మాత్రమే ఉండేది, మిగతాదంతా ఆయనే అల్లుకునేవాడు. మోటౌన్ ఆల్బమ్ అట్ట మీద వాద్యకారుల పేర్లు పడింది 1971లో, మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’తో. మరుసటి ఏడు కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు మకాం మార్చింది, బృందం చెదిరిపోయింది. 1983లో మోటౌన్ పాతికేళ్ల వేడుకకు జేమర్సన్ టికెట్టు కొనుక్కుని వెళ్లి ప్రేక్షకుల్లో కూర్చున్నాడు. అదే ఏడు పోయాడు. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది 2000లో.

జేమర్సన్ లాంటివాడు నేనూ స్వరకర్తనే అంటే కాదనడం కష్టం. చెన్నైలో రాసిచ్చిన స్వరం వాయించిన వయొలిన్ విద్వాంసుడు ఆ మాట అనలేడు, అననక్కర్లేదు కూడా. బాలు, జానకి పాడిందీ ఇంకొకరి బాణీయే, ఇంకొకరి మాటలే. అయినా వాణిజ్యపరంగా వాడుకుంటే ప్రదర్శకులకు రాయల్టీ ఇవ్వాలని అదే 2012 సవరణ చెప్పింది. గాయకులు 2013లో ఇస్రా సంస్థ పెట్టుకుని వసూళ్లకు దిగారు. తర్వాత వాద్యకారులకూ తలుపు తెరిచి అది ఇసామ్రా అయింది. తలుపైతే తెరిచారు, ఫలానా పాటలో వాయించింది నేనేనని చూపించే కాగితం లేనివాడు లోపలికి వచ్చి ఏం అడుగుతాడు?

బయటి దేశాలు ఈ లెక్క ఎప్పుడో మొదలుపెట్టాయి. రికార్డింగుల రక్షణను యాభై నుంచి డెబ్బై ఏళ్లకు పొడిగిస్తూ ఐరోపా యూనియన్ 2011లో ఇచ్చిన ఆదేశం ఒక మెలిక పెట్టింది: ఆ అదనపు ఏళ్లలో వచ్చే ఆదాయంలో 20 శాతం, ఒకేసారి డబ్బు తీసుకుని వెళ్లిపోయిన వాద్యకారులకు పంచాలి. అమెరికాలో డిజిటల్ రేడియో రాయల్టీలో 5 శాతం నేపథ్య వాద్యకారులకూ, కోరస్‌కూ వెళ్తుంది. భారీ మొత్తాలేం కావు, కానీ ఏటా వచ్చేవి.

నలభై మంది వయొలిన్ వాద్యకారుల పేర్లు ఎక్కడ వేస్తామని నిర్మాతలు అడుగుతారు. రహమాన్ 1990ల్లోనే అరచేతి పాటి క్యాసెట్ కాగితం మీద వాద్యకారుల పేర్లు అచ్చువేయించారు. ఇవాళ్టి పాటల యాప్‌కు ఆ ఇరుకు కూడా లేదు. ఇళయరాజా తన ‘తిరువాసగం’ ఆల్బమ్‌ను బుడాపెస్ట్ సింఫనీ ఆర్కెస్ట్రాతో చేశారని మనం గొప్పగా చెప్పుకుంటాం. చెన్నైలోని వడపళని ఆర్కెస్ట్రా దగ్గరికొచ్చేసరికి జాగా చాలదు! ఎవరికెంత ఇచ్చారో రాసుకోకుండా ఏ నిర్మాతా కాల్ డబ్బు చెల్లించడు. ఆ లెక్కకాగితాన్నే పాటతో పాటు ఆడియో కంపెనీకి పంపాలన్న షరతు సంఘం పెట్టొచ్చు. చట్టంలోని మినహాయింపు సంగీతకారులకు వర్తించదని ఒక్క వాక్యం చేర్చడం పార్లమెంటు పని, అది ఆలస్యమవుతుంది. ఈ షరతుకు పార్లమెంటు అక్కర్లేదు.

పాత పాటలది చిక్కు వ్యవహారం. ప్రదర్శకుల హక్కు మన చట్టంలోకి వచ్చిందే 1994 సవరణతో కాబట్టి, అంతకుముందువాటికి డబ్బు రాబట్టడం కష్టమే. కనీసం ఏ పాటలో ఎవరు వాయించారో ఆనాటివాళ్లు చెప్పగలిగే వయసులో ఉండగానే సంఘం కూర్చోబెట్టి రాయించుకోవాలి.