దాచియుంచిన శిలలు

పంట యెంత తక్కువగా పండినను రైతు విత్తనములకై కొంత ధాన్యమును వేరుగా దాచును. చంద్రశిలల విషయమున శాస్త్రజ్ఞులు అనుసరించిన పద్ధతియు ఇట్టిదే. 1969 మొదలు 1972 వరకు అమెరికా వ్యోమగాములు ఆరు పర్యాయములు చంద్రునిపై దిగి, మొత్తము 382 కిలోల రాళ్ళను, మట్టిని తెచ్చిరి. వానిలో చిన్న చిన్న తునుకలను పరిశోధకులకు పంచుచు, కొంత భాగమును మాత్రము ముట్టకుండ దాచిరి. ఇంత శ్రమకోర్చి తెచ్చినదానిని పెట్టెలో పెట్టి మూయుట వ్యర్థము కాదా యని కొందరు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న సహజమైనదే, కాని ఆ దాచుటయందే వివేకము కలదు.

1969లో తెచ్చిన మట్టిలో తెల్లని రాతిపలుకులు కొన్ని కానవచ్చెను. అవి అనార్థోసైట్ అను శిల తునుకలు. వానిని పరిశీలించి జాన్ వుడ్ మొదలగు శాస్త్రజ్ఞులు 1970లో ఒక గొప్ప ఊహ చేసిరి. చంద్రుడు పుట్టిన కొత్తలో దాని పైభాగమంతయు కరగిన శిలాద్రవపు సముద్రముగా నుండెను. అది చల్లారునపుడు ఆలివిన్, పైరాక్సీన్ అను బరువైన ఖనిజములు అడుగునకు దిగి ప్రావారమైనవి. తేలికయైన ఫెల్డ్‌స్పార్, పాలపై మీగడవలె తేలి, పైపటలమైనది. చిటికెడు పలుకులు చంద్రుని పుట్టుకనే చెప్పినవి!

అయినను నాటి శాస్త్రజ్ఞులకు ఆ శిలలు సర్వమును చెప్పలేదు. చంద్రశిలలలో నీటి జాడయే లేదని చిరకాలము నమ్మిరి. ప్రావారపు లోతులనుండి అగ్నిపర్వతములు వెలిగ్రక్కిన గాజుపూసలు అపోలో యాత్రలలోనే లభించియున్నవి. 2008లో సూక్ష్మతరమైన పరికరముతో పరీక్షింపగా వానిలో నీటి అంశము బయటపడెను. 1972లో చంద్రునిపైననే మూతబిగించి తెచ్చిన ఒక గొట్టమును 2022లో తెరచిరి. దానిని పరిశీలించినవారిలో, అది భూమికి వచ్చిననాటికి పుట్టనివారును కలరు.

మన దేశమునకును ఈ విషయముతో సంబంధము కలదు. శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3, 2023 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువప్రాంతమున దిగెను. ప్రజ్ఞాన్ అను బండి అచటి మట్టిని 23 మారులు పరీక్షించి, అది అనార్థోసైట్ జాతిదేయని తెలిపెను. ఏబదియేండ్ల నాటి ఊహకు బలము చేకూరెను. మెగ్నీషియము అనుకొన్నదానికంటె హెచ్చుగా కనబడుటచే, పూర్వము ఒక మహాఘాతము లోపలి పొరల పదార్థమును పైకి చిమ్మియుండునని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు. ఆ బండి మట్టిని పరీక్షించినదే కాని భూమికి తేలేదు. ఆ కొరత తీర్చుటకై, శిలలను భూమికి తెచ్చు చంద్రయాన్-4 యాత్రకు 2024లో కేంద్రప్రభుత్వము అనుమతి నిచ్చెను.

ఆ శిలలు వచ్చిననాడు అన్నింటిని ఒక్కమారే పగులగొట్టి చూడవలెనను ఆతురత కలుగుట సహజము. అప్పుడును కొంత భాగమును దాచుటయే ధర్మము. నేటి పరికరములకు అందని ప్రశ్నలను అడుగగల వారు నేడు పాఠశాలలలో చదువుకొనుచున్నారు. వారి వంతు వారికి మిగులవలెను.