మోటార్ కాదు, ముందు చార్జర్ కొనండి

ఈ సెమిస్టర్‌లో మా క్లాసులో ముగ్గురు ఆర్సీ బగ్గీలు కొన్నారు. ముగ్గురూ నన్ను అడిగింది ఒకటే: "బ్రష్‌లెస్ మోటార్ ఏది వేయాలి రా?" ఏదీ వద్దు, ఇప్పుడే వద్దు అన్నాను. జెలసీ అనుకున్నట్టున్నారు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

పోయిన వేసవిలో స్కాలర్‌షిప్ పైసలతో 1:14 సైజు బగ్గీ కొన్నాను. మామూలు బ్రష్డ్ మోటార్, 7.4 వోల్టుల లైపో బ్యాటరీ. వారం తిరక్కముందే వీడియోలు చూసి బ్రష్‌లెస్ మోటార్, దానికి ఈఎస్‌సీ తెప్పించాను. మట్టెవాడలో మా గల్లీలో బండ్లు, కుక్కలు పోగా జాగా మిగలదు కాబట్టి ఖిలా వరంగల్ వైపు ఖాళీ స్థలానికి తీసుకెళ్ళాను. ఫుల్ థ్రాటిల్ ఇచ్చాను. పది సెకన్లు మస్తు అనిపించింది. తర్వాత మోటార్ గుయ్యిమని తిరుగుతోంది గానీ బండి కదలదు. విప్పితే డిఫరెన్షియల్‌లో ప్లాస్టిక్ పళ్ళు పిండి పిండి.

గేర్లను తిట్టి లాభం లేదు. అవి పాత మోటార్ బలానికి చేసినవి. బలం పెంచితే పినియన్, స్పర్, డిఫ్, డ్రైవ్ షాఫ్ట్ అన్నీ ఆ భారం మోయాలి. ఏది వీకో అదే ముందు పోతుంది.

నిజంగా పనికొచ్చినవి చవక పనులే. బుష్‌ల బదులు బాల్ బేరింగులు వేశాను, డిఫ్‌లో గ్రీజు నింపాను. పినియన్‌కీ స్పర్‌కీ మధ్య నోట్‌బుక్ కాగితం ముక్క పెట్టి మోటార్ బిగించి, తర్వాత కాగితం లాగేశాను. గ్యాప్ సరిగ్గా వస్తుంది, గోల తగ్గుతుంది.

అసలు భయపడింది మాత్రం బ్యాటరీ దగ్గర. కొత్త ఈఎస్‌సీ నికెల్ బ్యాటరీ సెట్టింగ్‌లో ఉంది, మాన్యువల్ చదవలేదు (కోడ్‌కి డాక్యుమెంటేషన్ చదవనివాణ్ణి, దీనికి చదువుతానా!). అంటే లైపోకి ఉండాల్సిన కటాఫ్ లేదు. సెల్ 3 వోల్టుల కిందికి పడితే పాడవుతుంది. నేను బండి ఆగేదాకా నడిపి, రాత్రి మంచం మీదే చార్జింగ్ పెట్టి పడుకున్నా. పొద్దున చూస్తే బ్యాటరీ పూరీలా ఉబ్బింది. పక్క మంచం మీద అమ్మ పడుకుని ఉంది.

అది అంటుకుంటే? ఇనప డబ్బాలో ఇసుక పోసి దాంట్లో పెట్టి మేడ మీదికి మోస్తుంటే చేతులు వణికాయి.

కాబట్టి మొదటి అప్‌గ్రేడ్ బ్యాలెన్స్ చార్జరే. ప్రతి సెల్‌నీ 4.2 వోల్టుల దగ్గర ఆపుతుంది, వాడనప్పుడు దాచడానికి 3.8 దాకా తెస్తుంది. చార్జింగ్ టైల్స్ మీద, మెలకువగా ఉన్నప్పుడే.

"స్పీడ్ లేకపోతే బొమ్మే కదా" అంటాడు మా రూమ్మేట్. బగ్గీ మనవైపు వస్తున్నప్పుడు ఎడమ, కుడి తారుమారవుతాయి. అది చేతికి అలవాటయ్యేదాకా పాత మోటార్ చాలా ఎక్కువ.

నా బ్రష్‌లెస్ ఇంకా సొరుగులోనే ఉంది. మెటల్ డిఫ్ గేర్లు వచ్చాక బిగిస్తా. అమ్మ మాత్రం చార్జర్ తీసేదాకా పడుకోవట్లేదు.