ప్రజాగృహమునకు మార్కులు

ఆంగ్లేయులు తమ పానశాలకు పెట్టుకొన్న పూర్తి పేరు ‘పబ్లిక్ హౌస్’, అనగా ప్రజాగృహము. వాడుకలో అది కుదించుకొని ‘పబ్’ అయినది. ఆ పొట్టి పేరు మాత్రమే మన నగరములకు దిగుమతి యైనది. రంగుదీపములు, చెవులు దిమ్మెత్తించు సంగీతము, తలుపు దగ్గర ప్రవేశ రుసుము గల స్థలమునకు మనవారు ఆ పేరు పెట్టిరి. బ్రిటనులోని అసలు పబ్బు అట్టిది కాదు. అది వీధి మొగలోని పాత కట్టడము. పనినుండి తిరిగివచ్చువాడు ఒక పాత్ర బీరు పుచ్చుకొని, ఇరుగుపొరుగులతో ముచ్చటించి, ఇంటికి పోవు చోటు. మన రచ్చబండకు పైకప్పు వేసి, ఒక మూల దుకాణము పెట్టినచో ఎట్లుండునో ఊహించుకొనుడు.

ఈ ప్రజాగృహములు ఇప్పుడు ఒక్కొక్కటిగా మూతపడుచున్నవి. 2000లో 60 వేలకు పైబడియుండిన వాటి సంఖ్య ఇటీవలి సంవత్సరములలో 45 వేల దరిదాపునకు దిగినదని ఆ వ్యాపారుల సంఘపు లెక్కలు చెప్పుచున్నవి. కారణములు పెక్కు. పెద్ద దుకాణములలో మద్యము చవుకగా దొరకుచుండుటచే జనులు ఇంటనే త్రాగుచున్నారు. 2007లో ఇంగ్లండులో పబ్బు లోపల పొగత్రాగుట నిషిద్ధమైనది. 2020 మార్చిలో కోవిడు తలుపులు మూయించెను. పిదప విద్యుత్తు, జీతములు, పన్నులు పెరిగినవి. అన్నిటికంటె ముఖ్యముగా, పానశాల సంపాదనకంటె దాని క్రింది నేల ఖరీదు ఎక్కువైనది.

ఈ సందర్భమున, వినోదముగా మాత్రమే తోచు ఒక ఆంగ్లేయాచారమును పరిశీలింపవలసియున్నది. దానిని ‘పబ్ క్రాల్’ అందురు. క్రాల్ అనగా ప్రాకుట. ఆ యాత్ర ముగియు వేళకు యాత్రికులు ఏ విధముగా నడతురో ఆ పేరే చెప్పుచున్నది. మనము మర్యాదగా పానశాలా పరిక్రమ అందము. నలుగురైదుగురు మిత్రులు తమ పేటలో నడిచిపోదగిన దూరములోనున్న ఐదారు పబ్బులను ఎన్నుకొని, వరుస నిర్ణయించుకొందురు. పైంటు అనగా 568 మిల్లీలీటర్లు. బుద్ధిమంతులు ప్రతిచోట సగముతో సరిపెట్టుకొందురు. భోజనము దొరకు పబ్బును నడుమ ఉంచుదురు. చివరిది రైలు స్టేషనుకో ఇంటికో చేరువలో ఉండవలెను. కారును ఇంటివద్దనే విడువవలెను. పిదప మార్కులు: బీరు రుచి, ధర, శుభ్రత, యజమాని మాటతీరు, చలికాలమైనచో లోపల మంట వేసిరా లేదా.

ఇది పొద్దుపోని వారి పని యని కొట్టివేయరాదు. 1971లో నలుగురు మిత్రులు ఐర్లండుకు సెలవులు గడుపబోయి, అక్కడి యొక పానశాలలో కూర్చుండి, తమ దేశములో మంచి బీరు కరవగుచున్నదని వాపోయిరి. పెద్ద సారాయి కంపెనీలు పీపాలో సహజముగా పక్వమగు బీరును తొలగించి, వాయువు ఎక్కించిన ఒకే రుచి సరకును దేశమంతట పోయుచుండెను. ఆ నలుగురి ముచ్చటనుండి పుట్టిన ‘కామ్రా’ అను వినియోగదారుల సంఘము 1974 మొదలు మంచి పానశాలల మార్గదర్శిని ప్రకటించుచు, కంపెనీలను దారి మరల్చినది. సున్న మొదలు ఐదు వరకు సామాన్య సభ్యుడు వేయు మార్కే దాని యాయుధము. 1946లో జార్జి ఆర్వెల్ ఒక లండను పత్రికలో తన కిష్టమైన పబ్బునకు పది లక్షణములు చెప్పి, చిట్టచివర అట్టి పబ్బే లేదని ఒప్పుకొనెను. నాటినుండి ప్రతి మిత్రబృందమును ఆ లేని పబ్బుకొరకే వెదకుచున్నదనవచ్చును.

కాని ఈ జాబితాలన్నిటిలో ఒక ప్రశ్న కానరాదు. అడుగుపెట్టినవారికి అందరికిని ఇచ్చట పోయుదురా? ఆ ప్రశ్న అడుగనక్కరలేనివారే జాబితాలు వ్రాసినందున అది వారికి తట్టలేదు. దానిని అడిగినవారు మన భారతీయులు. అడిగిన విధము కూడ పానశాలా పరిక్రమయే.

బర్మింగ్‌హాము నానుకొని స్మెథ్విక్ అను పట్టణము కలదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అక్కడి ఇనుప పోత కార్ఖానాలలో పంజాబీలు వేలకొలదిగా చేరిరి. కొలిమి వేడికి ఒడలు మాడిన కూలీకి సాయంకాలము పబ్బు గడప దగ్గర అడ్డు తగులుచుండెను. కొన్ని పబ్బులలో వారికి ప్రవేశమే లేదు; కొన్నిట బార్ గదిలో పోయుదురు గాని, మంచి కుర్చీలు గల లౌంజిలో కాలు పెట్టనీయరు. 1964 సాధారణ ఎన్నికలలో వర్ణద్వేషమే ప్రచారముగా సాగిన నియోజకవర్గ మిదియే. దేశమంతట లేబరు పార్టీ గెలువగా ఇక్కడ దాని ప్రముఖనాయకుడు పాట్రిక్ గోర్డన్ వాకర్ ఓడిపోయెను.

1958లో పంజాబునుండి వచ్చి పోత కార్ఖానాలో పనిచేసిన అవతార్ సింగ్ జౌహల్, ఇండియన్ వర్కర్స్ అసోసియేషను పక్షమున, విశ్వవిద్యాలయ విద్యార్థులను తోడుచేసికొని పరిక్రమలు నడిపెను. తెల్లవిద్యార్థులకు పోసి, వెంటనే వచ్చిన భారతీయులకు పోయక నిరాకరించినచో, వర్ణవివక్ష యజమాని నోటనే రుజువగును. అప్పుడు అందరును కలిసి నిలదీయుదురు. ఆ రోజులలో పానశాలకు లైసెన్సు నిచ్చువారు మేజిస్ట్రేటులు. కనుక కంటితో చూచిన సాక్షికి విలువ ఉండెను. 1965 ఫిబ్రవరి 12న అమెరికా నీగ్రో నాయకుడు మాల్కం ఎక్స్‌ను జౌహల్ స్మెథ్విక్‌కు రప్పించి, బ్లూ గేట్స్ అను పబ్బునకు తీసికొనిపోయి ఈ వివక్షను చూపెను. తొమ్మిది దినములకు మాల్కం ఎక్స్ న్యూయార్కులో హత్యకు గురియయ్యెను.

అదే సంవత్సరాంతమున బ్రిటిషు పార్లమెంటు మొదటి జాతిసంబంధముల చట్టమును అమలులోనికి తెచ్చి, పానశాలలు, హోటళ్లు మొదలగు బహిరంగ స్థలములలో వర్ణవివక్షను నిషేధించెను. ఉద్యోగములు, ఇండ్లు దాని పరిధిలోనికి వచ్చుటకు 1968 దాక ఆగవలసివచ్చినది.

ఇక్కడ మనము గర్వించుటకును, సిగ్గుపడుటకును కారణము కలదు. దుకాణములు, హోటళ్లు, వినోద స్థలములలో ప్రవేశమునకు మతము, జాతి, కులము అడ్డురాదని మన రాజ్యాంగపు 15వ అధికరణము 1950లోనే శాసించినది. బ్రిటను పదునైదేండ్లు వెనుకబడినది. అయినను మన పల్లెలలో కాఫీహోటళ్లు దళితులకు వేరు గ్లాసు పెట్టుట ఆ శాసనముతో ఆగలేదు. స్మెథ్విక్‌లోని రెండు గదులకును మన ఊరి రెండు గ్లాసులకును వంశము ఒక్కటే. ఒకరు నిరాకరించు చోట ఇంకొకరు తోడుగా నిలుచుండి చూచినప్పుడే చట్టమునకు కాళ్లు వచ్చును. ఆ పరిక్రమలలో తెల్లవిద్యార్థి చేసినది అదియే; తనకు పోసిన బీరును తాను త్రాగి ఊరకుండినచో వాని సాయంకాలము సుఖముగానే గడచియుండెడిది.

తరువాతి కథ చిత్రమైనది. కార్ఖానాలు మూతపడి, పాత యజమానులు విడిచిపోయిన పబ్బులను కొన్నిచోట్ల పంజాబీలే పుచ్చుకొనిరి. నేడు ఆ ప్రాంతమున ‘దేశీ పబ్బు’లని పేరు పొందినవి ఇవే. బీరుతోపాటు కాల్చిన మాంసము, టిక్కాలు వడ్డింతురు. తెల్లవారును నల్లవారును ఒకే బల్లవద్ద తిందురు. 2023లో కామ్రా వీటిపై ఒక గ్రంథమునే ప్రకటించెను. జౌహల్ 2022లో కన్నుమూసెను. ఎవరిని గెంటిరో వారే ఆ దీపము ఆరకుండ కాపాడుచున్నారు.

ఇప్పటి ప్రమాదము తలుపు దగ్గరి మనుష్యునినుండి వచ్చుట లేదు. అసలు తలుపే లేకుండ పోవుచున్నది. స్మెథ్విక్‌కు కొంత దూరములో, గనుల వలన నేల క్రుంగి ఒక ప్రక్కకు ఒరిగిన ‘క్రుక్డ్ హౌస్’ అను ప్రసిద్ధ పానశాల యుండెను. 2023లో అది అమ్ముడైన కొద్దికాలమునకే, ఆగస్టు 5న, అగ్నికి ఆహుతియై, రెండు దినములలో అనుమతి లేకయే నేలమట్టమైనది. తిరిగి కట్టవలసినదని 2024లో స్థానిక మండలి ఉత్తరువు చేసెను. లండనులో నన్‌హెడ్ వాసులు మరియొక మార్గము చూపిరి. 2011 నాటి స్థానికతా చట్టము నాశ్రయించి, తమ ‘ఐవీ హౌస్’ను సమాజపు ఆస్తిగా నమోదు చేయించి, 2013లో అందరును వాటాలు వేసికొని దానిని కొనివేసిరి.

ఇంతగా పానశాలను పొగడనేల యని ఎవరైన అడుగవచ్చును. అడుగవలసినదే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణమును మూయించినప్పుడు తెలుగుదేశము వారికి జేకొట్టినది. ఇంటికి రావలసిన కూలి దారిలో కరగిపోవుట చూచినవారు వారు. వారు మూయించినది న్యాయము. జౌహల్ తెరిపించినది న్యాయము. ఈ రెండిటికిని వైరుధ్యము లేదు. తమ వీధి మొగలో ఏమి యుండవలెనో, అందు ఎవరు కూర్చుండవలెనో నిర్ణయించు హక్కు ఆ వీధివారిదే యని ఇరువురును చాటిరి.

కావున రానున్న శనివారము పరిక్రమకు బయలుదేరు మిత్రులు, వారు బర్మింగ్‌హాములోని మన తెలుగు పిల్లలే యైనను, రుచికి, ధరకు, మంటకు మార్కులు వేసికొనవచ్చును. మొదటి గడి మాత్రము వేరొకదానికి విడువవలెను. మనలో అందరికంటె తక్కువ మర్యాద దొరకు మిత్రుని మొదట లోపలికి పంపి, వాని కెట్టి కుర్చీ చూపిరో గమనించి, ఆ గడిని నింపవలెను.