చెక్కు ఎవరి పేరున?

1933లో పత్తి ధర అడుగంటింది. సరుకు తగ్గితేనే ధర నిలబడుతుందని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం చేలో పెరుగుతున్న పత్తిని దున్నేయమంది, దున్నిన మేరకు డబ్బిచ్చింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దాదాపు కోటి ఎకరాల పైరు మట్టిలో కలిసింది. ఆ దేశంలో రైతులకు సర్కారు పెద్ద ఎత్తున నేరుగా సొమ్ము చెల్లించడం ఆ ఏటి చట్టంతోనే మొదలు.

అయితే ఆ చేలల్లో చెమటోడ్చింది ఎక్కువగా పాలికి సాగు చేసుకునే కుటుంబాలు. నల్లవాళ్లూ ఉన్నారు, తెల్లవాళ్లూ ఉన్నారు. 1934-35 ఒప్పందం కింద పౌండుకు నాలుగున్నర సెంట్లు వస్తే పాలుదారు వాటా అర సెంటు. అదైనా భూస్వామి చేతి మీదుగా రావాల్సిందే. సాగు తగ్గించాక ఇంతమంది పాలుదార్లతో పనేముంది? గుడిసెలు ఖాళీ చేయించారు. వీలైనంత వరకు వాళ్లను కొనసాగించాలని ఒప్పందంలో ఒక షరతు ఉన్నమాట నిజమే, కానీ వీలో కాదో చెప్పేది భూస్వామి. పోనీ కౌంటీ కమిటీకి మొరపెట్టుకుందామంటే అక్కడ కూర్చున్నదీ ఎక్కువగా భూస్వాములే.

ఆర్కాన్సాస్ రాష్ట్రం పాయిన్‌సెట్ కౌంటీలో టైరోంజా అనే ఊరుంది. 1934 జులైలో ఆ ఊరి దగ్గర ఒక బడిలో 11 మంది తెల్లవాళ్లు, ఏడుగురు నల్లవాళ్లు కలిసి సదరన్ టెనెంట్ ఫార్మర్స్ యూనియన్ పెట్టుకున్నారు. రెండు జాతులు ఒకే బల్ల మీద కూర్చోవడమే నేరంగా చూసే రోజులవి. అటు వాషింగ్టన్‌లో జెరోమ్ ఫ్రాంక్ తదితర ప్రభుత్వ న్యాయవాదులు పాలుదార్లను తీసేయడానికి వీల్లేదని ఒప్పందంలోని ఆ షరతుకు అర్థం చెప్పారు. 1935 ఫిబ్రవరిలో ఊడింది ఆ న్యాయవాదుల ఉద్యోగాలు.

పాయిన్‌సెట్‌లో ఇప్పుడు వరి, సోయా ఎక్కువ. చట్టమూ మెరుగైంది. నగదు కౌలైతే సబ్సిడీ సాగుదారుకే వెళ్లాలి. వంద పౌండ్ల వడ్లకు 14 డాలర్లుగా ఉన్న హామీ ధరను 2025 చట్టం 16.90కి పెంచింది; మార్కెట్ ధర అంతకు తగ్గితే తేడాను సర్కారు భరిస్తుంది. కానీ లెక్క కట్టేది ఈ ఏడు వేసిన పంటను చూసి కాదు, ఎప్పుడో ఆ పొలం పేర నమోదైన ‘బేస్ ఎకరాల’ను చూసి. వరి బేస్ ఉన్న పొలంలో సోయా వేసినా వరి సొమ్మే వస్తుంది. టెక్సాస్‌లో పాత వరి పొలాలు ఇళ్ల స్థలాలైపోయాక కూడా సొమ్ము ఆగలేదని 2006లో వాషింగ్టన్ పోస్ట్ బయటపెట్టింది. 2000 నుంచి సాగు చేయనివాళ్లకు దేశం మొత్తం మీద ముట్టింది 130 కోట్ల డాలర్లని ఆ పత్రిక తేల్చిన లెక్క. సాగుదారు పేరునే చెక్కు రాసినా యజమాని కౌలు పెంచి కొంత లాక్కుంటాడు. డాలరులో పావలా వంతు అలా పోతోందని ఆర్థికవేత్త బారెట్ కిర్వాన్ 2009లో చూపించారు. ముప్పావలా మిగులుతోందంటే, చెక్కు మీది పేరు మార్చినందుకు ఫలితం ఉన్నట్టే కదా!

మన దగ్గర ఆ పేరే ఇంకా పెద్దగా మారలేదు. 2018 మేలో తెలంగాణ రైతుబంధు ఎకరాకు, పంటకు 4 వేల రూపాయలతో మొదలైంది. పట్టాదారు పాసుపుస్తకం ఉంటేనే డబ్బు ఇచ్చేవారు. కౌలుదారుకు ఆ అర సెంటు కూడా దక్కలేదు. ఆంధ్రప్రదేశ్ 2019 చట్టం కౌలుదారుకు సాగు హక్కు పత్రం ఇస్తానంది, యజమాని సంతకం పెడితేనే. యాజమాన్య హక్కుకు ఢోకా లేదని చట్టం చెబుతున్నా, భూమి చేజారుతుందన్న భయంతో చాలామంది పెట్టరు. ఉమ్మడి రాష్ట్రం 2011లో చేసిన చట్టంలో ఈ సంతకం గొడవ లేదు. కౌలుదారు దరఖాస్తు చేసుకుంటే రెవెన్యూ సిబ్బంది విచారించి రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. తెలంగాణలో ఆ చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు, అమలు చేయడం మానేశారంతే.