కంప్యూటరు తాళపుచెవి యెవరియొద్ద నుండవలెను?

కడప జిల్లా వల్లూరునుండి యొక సోదరి వ్రాసిన యుత్తరమును చదివి మేము మిగుల చింతిల్లితిమి. ఆమె భర్త నిరుడు హఠాత్తుగా పరమపదించిరి. బీమాపత్రముల నకళ్లు, పొలము కాగితముల ప్రతులు, ఇంటి జమాఖర్చులు, పిల్లలు పుట్టినది మొదలు తీసిన ఫొటోలు, సమస్తమును ఆయన యింటి కంప్యూటరులోనే భద్రపఱచిరట. బీరువా తాళపుచెవులు తన కొంగుననే యున్నవనియు, కంప్యూటరు పాస్‌వర్డు మాత్ర మాయనతోనే పోయినదనియు నామె వ్రాసినారు.

వల్లూరు పూర్వము కాయస్థప్రభువుల రాజధాని. 13వ శతాబ్దమున అంబదేవు డచ్చటినుండి యేలినాడు. చేరువనున్న పుష్పగిరిలోని శిలాశాసనములను ఆ ప్రాచీనలిపి నెఱిగినవా రెవ్వరైనను నేటికిని చదువవచ్చును. రాతికి పాస్‌వర్డు లేదుగదా! నిరుడు దాచిన కాగిత మీయేడు చదువరాకుండుట యీకాలపు చిత్రము.

మరమ్మతుచేయువాడు డిస్కు నూడదీసి వేఱొక యంత్రమున నమర్చి చూడగా, 48 అంకెల సంఖ్య నిమ్మని యడిగెనట. ఇందు వానితప్పు లేదు. విండోస్ 11 గల క్రొత్త యంత్రములలో చాలవానియందు, యజమాని తన మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదట ప్రవేశించినప్పుడే డిస్కంతయు గూఢలిపిలోనికి మాఱును. దొంగ యెత్తుకొనిపోయినను చదువలేకుండుటకే యీ యేర్పాటు. ఆ 48 అంకెలు యజమాని ఖాతాలో దాగియుండును. ఖాతా పాస్‌వర్డు మఱచినచో, ముందుగా నమోదైన ఫోను నంబరునకు వచ్చు సంకేతముతో క్రొత్తది పెట్టుకొనవచ్చును. కాని యిక నెవరికి పనికివచ్చునని రీచార్జి మానివేయుటచే నా నంబరును రద్దయినది! ఇంటిలో నెవరైన గతించినచో వారి ఫోను నంబరును తొందరపడి వదలుకొనక, కుటుంబమువారి పేర మార్పించుకొనవలెనని మేము గట్టిగా చెప్పుచున్నాము. బ్యాంకు పనులకును అదియే యాధారము.

బీమాపత్రమునకు నకలు దొరకినది. బ్యాంకులో నామినీగా తనపేరే యుండుటచే సొమ్ము చేతికందినది. పొలము 1బి మీభూమిలో కనబడినది. ఫొటోలు మాత్రము రాలేదు.

ఇది విని, అసలు తాళమే వలదను సోదరీమణులు కొంద ఱుందురు. అదియును పొరపాటే. ఆధార్ కార్డును దించుకొన్నప్పుడు వచ్చు ఫైలునకు పాస్‌వర్డు గలదుగాని, అది పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరములును, పుట్టిన సంవత్సరమును మాత్రమే. మన పేరును వయస్సును ఎఱిగిన వీధివారందఱును దానిని తెఱవగలరు. నెట్ సెంటరులో అచ్చువేయించుకొన్న పిమ్మట ఆ ఫైలును అచ్చటి యంత్రమునుండి తీసివేయించి, చెత్తబుట్టను గూడ ఖాళీ చేయించిన తరువాతనే లేచి రావలెను. కువైటునకు పోవువారు మన జిల్లాలో మెండు. పాస్‌పోర్టు నకళ్ల విషయమున వారి యిండ్లవారు మఱింత మెలకువతో నుండవలెను.

పాస్‌వర్డులో నొక పెద్దక్షరము, నొక అంకె, నొక గుర్తు ఉండితీరవలెనని యందఱు మనల నింతకాలము వేధించిరి. అమెరికా ప్రమాణముల సంస్థ 2017లో, గుర్తులకంటె పొడవే ముఖ్యమనియు, అనుమానము లేనిదే మాటిమాటికి మార్చనక్కఱలేదనియు తేల్చినది. సంబంధములేని నాలుగు తెలుగుమాటలను ఇంగ్లీషు లిపిలో కూర్చుకొన్నచో చాలును. బిడ్డపేరు వలదు. బ్యాంకునకును ఈమెయిలుకును ఒకటే వలదు.

ఇక వ్రాసి యుంచుకొనవచ్చునా? తప్పక వ్రాసి యుంచవలెనని మా యభిప్రాయము. దూరదేశపు దొంగకు మన బీరువా యందదు. తెరప్రక్కన చీటి యంటించుట యవివేకము గాని, ఒక చిన్న పుస్తకమున వ్రాసి, నగలును దస్తావేజులును ఉన్నచోట నుంచి, ఆ సంగతి భార్యాభర్తలిద్దఱును ఎఱిగియుండుట వివేకమే. ఆ 48 అంకెలను గూడ నందే వ్రాయుడు. మొగవారు విసుగుకొన్నను అడిగి తెలిసికొనుడు.

ఫైళ్లకు రెండవప్రతి వేఱొక డిస్కులో నుండవలెను. పని ముగియగానే దానిని యంత్రమునుండి విడదీయవలెను. 2017 మే నెలలో వానాక్రై యను దుష్టకార్యక్రమము ఫైళ్లను బంధించి, విడుదలకు 300 డాలర్లు కోరినప్పుడు మన రాష్ట్రపు పోలీసు కంప్యూటర్లే కొన్ని చిక్కుకొన్నవి. తగిలించియున్న డిస్కులోని ప్రతియు నట్లే బందీయగును. మోసముచే సొమ్ము పోయినచో సిగ్గుపడి కూర్చుండక వెంటనే 1930కు ఫోను చేయవలెను.

ఆ కంప్యూటరును అమ్మివేయుమని బంధువులు చెప్పుచున్నారనియు, ఏమి చేయవలెననియు వల్లూరు సోదరి మమ్మడిగినారు. అమ్మవలదు, డిస్కును ఫార్మాటు చేయనీయవలదు. ఆ సంఖ్య ఆఱేసి యంకెల యెనిమిది గుంపులుగా నుండును. కొందఱు దానిని కాగితముపై అచ్చువేసి యుంచుకొందురు. కావున భర్తగారి పాత డైరీలను, బీమాకాగితముల కట్టను మఱియొకసారి పుటపుటయు తిరుగవేసి చూడుమని వ్రాసితిమి.