వేషమూ, ముఖమూ, ఛాయాచిత్రమూ

తిరుమలేశుని పటం లేని తెలుగు గృహం అరుదు. అయినను ఆనందనిలయంలోనికి ఛాయాగ్రహణ యంత్రానికి ప్రవేశం లేదు. గోడలపై మనం కొలిచే పటాలు చాలవరకు చిత్రకారుల చేతి చలువ. ఆ పటాలలో కన్నులను కప్పివేసే వెడల్పాటి తిరునామమే భక్తుని హృదయంలో స్వామి ముఖమై నిలిచిపోయింది. గురువారంనాడు ఆభరణాలను తొలగించి, నామాన్ని సన్నగించి, నేత్రదర్శనం కలిగిస్తారు. కప్పినపుడు ఉన్నవాడూ ఆయనే, విప్పినపుడు కనుపించేవాడూ ఆయనే. ముఖాన్ని కప్పినదెల్లా ముఖాన్ని దాచుతుందనుకోవడం తొందరపాటే అవుతుంది.

కొండ దిగి తిరుపతికి వస్తే ఈ సంగతి వీథులలోనే కానవస్తుంది. శ్రీనివాసునికి చెల్లెలుగా జనులు కొలిచే తాతయ్యగుంట గంగమ్మకు ఏటేటా వేసవిలో జాతర జరుగుతుంది. కొండమీదనుండి ఆమెకు సారె వస్తుంది. స్త్రీలను చెరపట్టే పాలెగాడొకడు అమ్మవారికి భయపడి దాగుకొన్నాడనీ, వానిని బయటికి రప్పించడానికి ఆమె దినమునకొక వేషం వేసిందనీ కథ. చాటింపు అయిన మరునాడు బుధవారం బైరాగి వేషం. తరువాత బండ వేషం, తోటి వేషం. శనివారం దొర వేషం. దొర వచ్చాడనుకొని పాలెగాడు వెలుపలికి రాగా అమ్మవారు వాని తల తెగవేసింది. ఆ మరునాటి మాతంగి వేషమే అన్నిటికన్న గొప్పదని చెప్పవలసి వుంటుంది. చంపిన చేతులతోనే ఆమె పాలెగాని భార్యను ఓదార్చబోయిందట! ఇంతటి ఊహ ఏ మహాకవికైనను గర్వకారణమే కదా.

ఈ వేషాలను సంప్రదాయంగా ధరించేవారు కైకాల వంశస్థులు. వారి వెంట మ్రొక్కుబడి గల పౌరులెందరో తామూ ధరిస్తారు. ఒకనాడు ఒంటినిండా తెల్లని సుద్ద, ఒకనాడు కుంకుమ, ఒకనాడు బొగ్గుమసి. జాతరనాడు మీసాలున్న పురుషులు చీరకట్టి, జడవేసి, పూలు ముడిచి గుడికి నడుస్తారు. ఎదురైనవానిని వేషధారి బూతులు తిట్టినా కోపగించుకొనేవాడుండడు.

ఇక్కడనే ఛాయాచిత్రకారునితో పేచీ వస్తుంది. జాతర దినాలలో పత్రికలలో పడే బొమ్మలను పరికించండి. సుద్ద పూసిన ముఖమొకటి, చీర కట్టిన యువకుడొకడు, క్రింద ‘వింత వేషం’ అన్న రెండు మాటలు. అది ఏ దినపు వేషమో, ఏ మ్రొక్కు తీర్చుకొనడానికి వేసినదో ఒక్క ముక్క వుండదు. వింత అనగా చూచేవానికి తెలియనిదని అర్థం. తన తెలియమిని ఎదుటివాని ముఖానికి అంటగట్టడం ఏమి న్యాయం? బైరాగి బొమ్మ నొకదానినే చూచినవానికి అది బూడిద పూసుకొన్న మనిషి మాత్రమే. దొర, మాతంగి వెంట వచ్చినప్పుడే అది అమ్మవారి అన్వేషణలో మొదటి అడుగు. వరుస చెడితే కథ లేదు. కథ లేకపోతే ఆ ముఖమూ లేదు.

ఈ చిక్కు మనకొక్కరికే గాదు. కొరియా దేశంలో ఆండోంగ్ ప్రాంతాన హాహోయ్ అనే గ్రామం వుంది. అక్కడి ప్రాచీనమైన కొయ్య ముఖాలను ఆ దేశం 1964లో జాతీయ సంపదగా ప్రకటించింది. ఆ దేశపు ముసుగు నాట్యాలకు 2022లో యునెస్కో గుర్తింపు లభించింది. కొన్ని ముఖాలకు దవడను వేరుగా చెక్కి త్రాటితో కట్టుతారు. ఆటగాడు తల వెనుకకు వాల్చితే ఆ ముఖం నవ్వుతుంది. ముందుకు వంచితే కోపగిస్తుంది. అటువంటిదానిని గోడకు తగిలించి ఒక్క క్షణం బొమ్మ తీస్తే చిక్కేది నవ్వో కోపమో ఒక్కటే. చెక్కినవాడు రెండూ కోరినాడు.

అయితే రెండింటికీ ఒక భేదం లేకపోలేదు. హాహోయ్ ఆటగాని ముఖం కొయ్య వెనుక మరుగుపడిపోతుంది. తిరుపతిలో పూత క్రింద ముఖం ముఖంగానే వుంటుంది. కన్నులు పూర్తిగా మనిషివే. బండ వేషపు కుంకుమ నడుమనుండి చూచే ఆ కన్నులలో ఎండకు అలసిన గృహస్థుడున్నాడు, బిడ్డ జబ్బు నయమైతే వేషం వేస్తానని మ్రొక్కుకొన్న తండ్రి వున్నాడు. ఆ మనిషినీ, అతడు ధరించిన దేవతనూ ఒకేసారి పట్టగలిగినది ఛాయాచిత్రమే. కనుక జాతరలో బొమ్మలు తీయరాదనడం అవివేకం. ఈనాడు చేతిఫోను లేనివాడు లేడు; వేషధారి కూడ నడక ఆపి, నవ్వి నిలబడుతున్నాడు. నిలబడమని అడిగేవాడు ఆ దినం పేరూ, ఆ మ్రొక్కూ అడిగి వ్రాసికొంటే చాలు. తిరుపతి బడుల ఉపాధ్యాయులు ఈ పనిని తమ విద్యార్థులకు అప్పగించవచ్చు. ప్రశ్నలడగడానికి పిల్లలు జంకరు. వారికి జవాబు చెప్పడానికి వేషధారులూ వెనుదీయరు.

జాతర చివర గుడిముందు మట్టితో అమ్మవారి విశ్వరూపాన్ని నిలుపుతారు. తెల్లవారే వేళకు దాని చెంపను తొలగిస్తారు. ఆ మట్టి కోసం వందల చేతులు చాస్తారు. పిడికెడు దొరికినవాడు దానిని కొంగునో రుమాలునో ముడివేసికొని ఇంటికి మళ్లుతాడు.